నీలం డ్రమ్ములో నీళ్ళు

అన్నకూ వదినకూ నమస్కారాలు పెట్టి ఈశ్వరి రాస్తున్నది. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా, చిట్టి బడికి పోతోందా అని తర్వాత అడుగుతాను. ముందు ఈ కాగితం పక్కన పెట్టి లేచి, వసారాలో ఉన్న నీలం డ్రమ్ములో నీళ్ళు పారబొయ్యి అన్నా. పశువులకు కూడా పెట్టొద్దు. పారబోసినాక మిగతాది చదువు.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం, దిగులుపడొద్దు. రొయ్యల గుంటల్లో ఆయనకు మేత చల్లే పని నికరంగా ఉంది. ఎండలు ఇంకా తగ్గలేదు. చేపల పులుసు తిని తిని మన చింతకాయ పచ్చడి మీదికే మనసు పోతోంది. కష్టమంతా నీళ్ళకే. పైఊళ్ళో ఇంటింటికీ కొళాయి ఉంది. ఆ పైపు మా పాళెం మలుపు దగ్గరే ఆగిపోయింది. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. అందుకే గుంటల్లో పోసే మందు అయిపోయిన డ్రమ్ములు కడిగి గడపగడపకూ పెట్టుకున్నారు. అడిగినవాళ్ళకల్లా తెచ్చిచ్చింది ఆయనే. ఉగాదికి బస్సు మీదేసుకొచ్చి మీకిచ్చిందీ అట్లాంటిదే.

పక్కింటి పోలమ్మ కొడుక్కి వాంతులు పట్టుకున్నాయి. తర్వాత ఎదురింట్లో ఇద్దరికి. ఊళ్ళో మందులిచ్చే ఆశా అక్క ఇల్లిల్లూ తిరిగి మా వాకిట్లో నిలబడింది.

"ఏం మే, దీంట్లో నీళ్ళేనా తాగతా ఉండారు?" అని మా డ్రమ్ము మూత తీసి చూసింది. "జబ్బు పడిందంతా డ్రమ్ములుండే ఇళ్ళల్లోనే. బిందెలతో సరిపెట్టుకునేవాళ్ళు బాగుండారు."

పోలమ్మ కొడుకుని నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయినారు. ఇంకా రాలేదు. వాళ్ళ కూతురు ఆ డ్రమ్ములోంచే ముంచుకుంటోంది.

ఆయనతో చెప్తే, "నాలుగుసార్లు బూడిదేసి తోమినాను, ఇంకేముంటాది? ఓనరు వింటే ఇద్దర్నీ తరిమేస్తాడు, నోరు మూసుకో" అన్నాడు. అది కోపం కాదన్నా, భయం. ఆ పిల్లోడింటికి డ్రమ్ము మోసుకుపోయింది తన భుజమ్మీదే కదా. అన్నం కూడా సరిగా తినడం లేదు. ఫోను ఆయన దగ్గరే ఉంటుంది. అందుకని ఈ ఉత్తరం ఆశా అక్క చేత పోస్టు చేయిస్తున్నా.

సోమవారం ఆడవాళ్ళమంతా డ్రమ్ములు ఎత్తుకుపోయి మండలాఫీసు ముందు పెట్టి, పైపు మలుపు దాటేదాకా లేవమని కూర్చుందామనుకున్నాం. కానీ నీళ్ళు ఒలకబొయ్యడానికే ఎవరికీ చేతులు రావడం లేదు. పారబోస్తే ట్యాంకరు వచ్చేదాకా ఏం తాగాలి?

అమ్మకు నా దండాలు. వదినా, ఒక మాట అమ్మ చెవిన వెయ్యి. నాకు మూడో నెల. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నా కడుపు చల్లగా ఉండాలని దీవించమను.

అటక మీద రెండు ఇత్తడి బిందెలుండాలి, ఎవరి చేతనైనా పంపించు అన్నా. అవి వచ్చేదాకా నేను తాగేదీ ఈ డ్రమ్ములోవే.

మీ చెల్లెలు,
ఈశ్వరి