పెద్దల బెంచీ

జూన్ 2, ఆదివారం

వచ్చే వారం నుంచి మూడు ఆదివారాలు బయటి నుంచి ఒక దైవజనుడు వచ్చి వాక్యం చెబుతారని పాస్టరుగారు ప్రకటనల్లో చదివారు. పార్కింగు గురించి చదివినట్టే చదివేశారు. నాకు ఒళ్ళు మండింది. పుల్‌పిట్ ఎక్కే మనిషిని ముందు సంఘ పెద్దలు పిలిచి మాట్లాడాలి, అతని బోధ ఏమిటో తెలుసుకోవాలి. అది మా పద్ధతి. పెద్దలంటే ఇప్పుడు మిగిలింది ఇద్దరమే, నేనూ, రిటైరైన లెక్కల మాస్టారూ. ఇద్దరికీ మాట మాత్రం చెప్పలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు ఎగిరాను. అదేదో అక్కడే ఎగరాల్సిందండీ అంది. నిజమే. డ్రైవింగ్ స్కూల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లచ్చు వదలకు, అద్దం చూడు అని అరిచే నోరు, మందిరం గడప దాటగానే పడిపోతుంది.

జూన్ 5, బుధవారం

మాస్టారింటికి వెళ్ళాను. ఆయనకీ కోపంగానే ఉంది, కానీ కోపం వస్తే ఆయన మరీ మెల్లగా మాట్లాడతారు. భయపడకు, బెంచీ ఉందిగా అన్నారు.

బెంచీ సంగతి ఇప్పటివాళ్ళకు తెలియదు. మందిరం కట్టిన పాస్టరు, మా పాత అయ్యగారు పెట్టిన నియమం అది. ముందు వరసలో ఎడమవైపు బెంచీ పెద్దలది. ప్రసంగంలో దుర్బోధ వినిపిస్తే పెద్ద లేచి నిలబడాలి. నోరు విప్పకూడదు, జనం ముందు గొడవ పడకూడదు. పెద్ద లేచాడంటే ప్రసంగీకుడు అక్కడితో ఆపి పాట ఎత్తుకోవాలి. మిగతాది వెనక గదిలో తేల్చుకోవాలి.

నేను చూడగా ఒక్కసారే జరిగింది. లేచింది మాస్టారు, ప్రసంగం ఆపింది స్వయంగా పాత అయ్యగారు. పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లి గురించి ఏదో కఠినమైన మాట అనేశారు. మాస్టారు లేచారు. అయ్యగారు ఆగి, కళ్ళద్దాలు తీసి, తప్పు మాట్లాడాను, క్షమించండి అన్నారు. అలాంటి మనిషి కాబట్టి ఆ నియమం పనిచేసిందేమో. ఈ ఆలోచన మాస్టారితో అనలేదు.

జూన్ 9, ఆదివారం

వచ్చాడు. తెల్ల బూట్లు. మనిషి బాగున్నాడు, నవ్వు బాగుంది, ముసలివాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పలకరించాడు. ప్రసంగంలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. నేను కూడా రెండుచోట్ల నవ్వాను. మందలో తోడేళ్ళు పడతాయి జాగ్రత్త అని మమ్మల్ని పెద్దలుగా నిలబెట్టిన రోజు చదివి వినిపించారు. నేను కోరలు వెతుక్కుంటూ కూర్చున్నాను.

చివర్లో, దేవుడు మేలు చేస్తాడని నమ్మేవాళ్ళు లేచి నిలబడండి అన్నాడు. అందరూ లేచారు. మేమూ లేచాం. ఎందుకు లేవం?

మందిరానికి నా కారులోనే వచ్చే మా అక్క తిరుగుదారంతా అతని గురించే చెప్పింది. అక్కకు గుండెలో లోహపు వాల్వు వేసి చాలా ఏళ్ళయింది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పక్కన కూర్చుంటే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. కారులో కూడా వినిపించింది, ఇంజను ఆపాక. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. ఒక్కరోజు మానితే మా మేనకోడలు ఇల్లు పీకి పందిరేస్తుంది. బావ పోయాక ఆ తల్లీకూతుళ్ళిద్దరే.

జూన్ 12, బుధవారం

పాస్టరుగారిని కలిశాం. తెల్లబూట్లాయన వేరేచోట చెప్పిన ప్రసంగం మాస్టారు ఫోన్లో వినిపించారు. జబ్బు ఉందని ఒప్పుకోవడమే అవిశ్వాసమట. మాత్ర మింగిన ప్రతిసారీ సందేహాన్ని మింగుతున్నావట.

పాస్టరుగారు చెడ్డవాడు కాదు. అదే బాధ. అన్నా, ఆరు నెలలుగా ఖాళీ కుర్చీలకు ప్రసంగం చెబుతున్నాను, మొన్న జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు, నా కడుపు నిండింది అన్నాడు. ఆ మాట ఇక్కడ చెప్పొద్దని ఆయనకి చెబుతాను అన్నాడు. చెబుతాను అన్నప్పుడు నా మొహం చూడలేదు.

బయటికొచ్చాక మాస్టారు, ఆ మాట వస్తే నువ్వు లే, నీ వెనకే నేను లేస్తాను అన్నారు.

జూన్ 15, శనివారం

రేపు ఆ మాట రాకూడదు తండ్రీ.

జూన్ 16, ఆదివారం. మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ మాట వచ్చింది. ఉన్నదున్నట్టు వచ్చింది. మీ ఇంట్లో మాత్రల డబ్బా ఉందా, అది మీ దేవుడా అని అడిగాడు. మందులు వాడే దేవుని బిడ్డ ఒక చేత్తో దేవుణ్ణి పట్టుకుని ఇంకో చేత్తో నెడుతున్నాడు అన్నాడు. జనం ఆమేన్ అంటున్నారు. మాస్టారు నా మోచెయ్యి నొక్కారు. లేచాను. జీవితంలో మందిరంలో నేను చేసిన ఒకే ఒక్క ధైర్యమైన పని. లేచి, చేతులు కట్టుకుని, అతని కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాను.

అతను ఆగాడు. ఒక్క క్షణం గెలిచాననుకున్నాను.

చూడండి అన్నాడు. నేను పిలవకముందే, సంఘ పెద్ద ఆత్మ ప్రేరణతో లేచాడు, మీరెందుకు కూర్చున్నారు అన్నాడు.

వెనక కుర్చీలు గరగరమన్నాయి. తిరిగి చూసేసరికి మందిరం మందిరమంతా లేచి నిలబడింది. మాస్టారు కూడా ఇచ్చిన మాట ప్రకారం లేచారు. అంతమందిలో ఆయన లేవడం ఎవరికి కనిపిస్తుంది? అక్క రెండు చేతులూ ఎత్తి ఏడుస్తోంది. అరవాలనుకున్నాను. నియమం గుర్తొచ్చింది, నోరు విప్పకూడదు. అలాగే నిలబడ్డాను, పాట అయ్యేదాకా.

చివర్లో అతను ఇంకో మాట అన్నాడు. ఈ రోజు నిలబడ్డవాళ్ళని ఈ వారమే సాతాను కూర్చోబెట్టాలని చూస్తాడు, నేను అందుకు లేవలేదు అని మీ చేతే అనిపిస్తాడు, జాగ్రత్త అన్నాడు.

తలుపు దగ్గర ఎంతమంది నా చెయ్యి ఊపారో. బ్రదర్, మీరు లేచాకే నాకు ధైర్యం వచ్చింది అన్నారు. డ్రైవింగ్ నేర్పే నా కారులో, పక్క సీట్లో కూర్చునే నా కాళ్ళ కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఈ రోజు దాన్ని తొక్కితే బండి దూసుకుపోయింది.

జూన్ 17, సోమవారం. ఉదయం 7

అక్క ఫోన్. మాత్రలన్నీ సింకులో పోసి నీళ్ళు వదిలిందట. ఎంత తేలికగా ఉందో తెలుసా తమ్ముడూ అంది.

సాయంత్రం

క్లాసులన్నీ మానుకుని వెళ్ళాను. చెప్పాను. అక్కా, నేను లేచింది ఒప్పుకుని కాదు, ఆపడానికి అని చెప్పాను. బెంచీ సంగతి, పాత అయ్యగారి సంగతి, అన్నీ చెప్పాను. అక్క కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. జాలిగా చూసింది. ఇలా అంటావని ఆయన ముందే చెప్పారుగా రా అంది. నా తల నిమిరింది.

మేనకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. కొత్త మాత్రలు కొని దాని చేతిలో పెట్టాను. తీసుకుంది. కానీ మామయ్యా, నిన్న మరి నువ్వే కదా లేచింది అంది.

జూన్ 20, గురువారం

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆదివారం నాకు మైకు కావాలన్నాను. అన్నా, మీరు లేచినందుకు ఎన్ని కుటుంబాలు తిరిగొచ్చాయో తెలుసా, ఇప్పుడు కాదంటే వాళ్ళు ఎవర్ని నమ్మాలి అన్నాడు. అతను అన్నది తప్పని మీకు తెలుసా తెలియదా అని అడిగాను. తెలుసు అన్నాడు. మెల్లగా అన్నాడు. అతను ఇంకో నెల ఉంటాడు అని కూడా అన్నాడు.

అక్క గుండె డాక్టరమ్మతో అక్కకు ఫోన్ చేయించాను. ఆవిడ అరిచింది, భయపెట్టింది, బతిమాలింది. అక్క ఆవిడ కోసం కూడా ప్రార్థన చేస్తానందట.

జూన్ 27, గురువారం

అక్కకు ఏమీ కాలేదు. ఇంతకు ముందు ఎక్కడ తగిలినా కమిలిపోయే చెయ్యి ఇప్పుడు నున్నగా ఉంది, చూడరా అంటూ చూపించింది. మాత్ర మానితే కమలడం మానుతుంది, అందులో వింత లేదు. అక్క మాత్రం చిన్నపిల్లలా మురిసిపోతోంది. ఛీ, ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చింది. అక్కకు ఏమైనా అయితేనే నేను నెగ్గుతాను. ఇలాంటి చోట నిలబెట్టావేమిటి తండ్రీ నన్ను?

జూలై 7, ఆదివారం

దేవుడు తనకు చేసిన మేలు గురించి అక్క మందిరంలో సాక్ష్యం చెప్పింది. మైకు పట్టుకోవడం కూడా రాదు, గడ్డానికి ఆనించుకుంది. నాలుగు రోజులుగా గుండెలో ఆ చప్పుడు వినిపించడం లేదు, లోహం పోయి దేవుడు మాంసం పెట్టాడు అంది. మందిరం దద్దరిల్లింది.

వాల్వు చప్పుడు తగ్గితే పరుగెత్తుకు రావాలని డాక్టరు ఆపరేషన్ అప్పుడే చెప్పింది. అక్కకీ చెప్పింది, నాకూ చెప్పింది. గడ్డ కడితేనే చప్పుడు ఆగుతుంది.

నియమం గంగలో కలిసింది. అరిచాను. అది స్వస్థత కాదు, వాల్వు మూసుకుపోతోంది, ఈమెని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఈ మనిషి చెప్పేది అబద్ధం అని అరిచాను. డ్రైవింగ్ స్కూలు గొంతుతో అరిచాను. అక్క చెయ్యి పట్టి లాగాను. ఇద్దరు వలంటీర్లు వచ్చి నన్ను భుజాల మీద నొక్కి కూర్చోబెట్టారు. ఎంతో మర్యాదగా. తెల్లబూట్లాయన నా మీద కోప్పడలేదు. సాతాను కూర్చోబెట్టేశాడు, నేను చెప్పలేదా అన్నాడు జనంతో, కన్నీళ్ళతో. అందరూ నావైపు చేతులు చాపి ప్రార్థన చేశారు. అక్క అందరికంటే గట్టిగా.

మాస్టారు తల దించుకుని కూర్చున్నారు.

జూలై 8, సోమవారం

అంబులెన్సు తీసుకుని వెళ్ళాను. అక్క తలుపు తియ్యలేదు, మేనకోడల్నీ తియ్యనివ్వలేదు. లోపలి నుంచి పాట పాడుతోంది. డ్రైవరు, పేషెంటు రానంటే మేమేం చేస్తాం సార్ అన్నాడు.

జూలై 10, బుధవారం

ఉదయం పళ్ళు తోముకుంటూ పడిపోయింది. కుడివైపు మొత్తం పోయింది. మాట పోయింది. గడ్డ మెదడుకి వెళ్ళిందట.

జూలై 12, శుక్రవారం

వార్డు బయట ప్లాస్టిక్ కుర్చీల్లో నేనూ, మేనకోడలూ. అది గోడ చూస్తూ చెప్పింది. అమ్మతో రోజూ గొడవ పడేదాన్ని మామయ్యా, బలవంతంగానైనా వేయించేదాన్ని, నువ్వు లేచావని నోరు మూసుకున్నాను, నువ్వు పెద్దవాడివి, నీకు తెలుసు కదా అనుకున్నాను అంది. నువ్విచ్చిన మాత్రలు డబ్బా విప్పకుండా అలాగే ఉన్నాయి అంది.

నన్ను తిట్టలేదు. తిడితే పట్టుకుని ఏడ్చేవాణ్ణి.

జూలై 16, మంగళవారం

తెల్లబూట్లాయన ఇంకో ఊరు వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి ప్రార్థనలు పంపుతున్నాడట.

పాస్టరుగారు వచ్చి అక్క మంచం పక్కన వెక్కి వెక్కి ఏడ్చాడు. నిజమైన ఏడుపే. ఆదివారం సంఘానికి నిజం చెప్పు అన్నాను. తల ఊపాడు.

జూలై 21, ఆదివారం

చెప్పలేదు. మన సహోదరి కోసం, ఆమె కుటుంబంలో ఉన్న అవిశ్వాసం తొలగడం కోసం ప్రార్థిద్దాం అన్నాడు.

మాస్టారు నన్ను బయట ఆపి, జనం ఏమనుకుంటున్నారో తెలుసుకుంటే మంచిది అన్నారు. సాక్ష్యం చెబుతుండగా నేను అరిచినందుకే స్వస్థత వెనక్కి పోయిందట. మీరేమన్నారు మాస్టారూ అని అడిగాను. ఏమనను, వయసైపోయింది నాకు అన్నారు. నా పెద్దరికానికి కొన్నాళ్ళు విశ్రాంతి ఇస్తే మంచిదని పాస్టరుగారి అభిప్రాయమట. బెంచీలో నా చోట ఒక వలంటీరు కూర్చున్నాడు. నా కుడి భుజం నొక్కినవాడు.

జూలై 25, గురువారం

లైసెన్సు పరీక్షకి తీసుకెళ్ళిన అమ్మాయి పాసైంది. స్వీటు ఇచ్చింది. తిన్నాను.

జూలై 28, ఆదివారం

మందిరానికి వెళ్ళలేదు. వార్డుకి వెళ్ళాను. ఇంజెక్షన్లు అయిపోయాయి, ఇక జీవితాంతం మాత్రలే, మీరే అలవాటు చెయ్యాలి అని నర్సు ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళింది.

అక్క పెదవులు బిగించింది. బతిమాలాను. తల తిప్పుకుంది. తర్వాత పనిచేసే చేత్తో నా చొక్కా పట్టుకుని పైకి లాగింది. వదిలి మళ్ళీ పట్టుకుని లాగింది. ఏం కావాలో నాకు అర్థం కాలేదు. మూడోసారి అర్థమైంది.

లేవమంటోంది. మాత్ర వద్దని, ఆ రోజు లేచినట్టు లేచి నిలబడమంటోంది.

నేను కూర్చునే ఉన్నాను. అక్క లాగుతూనే ఉంది.