దుర్గ పెళ్ళికి ముందు వదినకి చెప్పాల్సిన మాట

మాల్దీవులు,
శుక్రవారం మధ్యాహ్నం.

మా వదిన నాంచారమ్మ గారికి మరిది ఏడుకొండలు నమస్కారాలు పెట్టి రాసుకునేది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ దుర్గా ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? బందరు డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నావా, లేకపోతే డబ్బాలో దాచేసి వేసుకున్నానని చెప్తున్నావా? మీ అన్నయ్య సత్యం బావకీ, వాళ్ళింట్లో అందరికీ ఒంట్లో బాగుంటోందా? అందరూ బాగున్నారనే తలుస్తున్నాను.

గారికి అని రాసి వెంటనే నువ్వు అంటున్నాడేంటని నవ్వకు. పెద్దవాళ్ళకి ఉత్తరం అలాగే మొదలుపెట్టాలని నేర్పింది నువ్వే. నువ్వు మా ఇంటికి కాపరానికి వచ్చేనాటికి నాకు పన్నెండేళ్ళు. నీకొచ్చిన ఏడో తరగతి నాక్కూడా వచ్చేయాలని రోజూ సాయంత్రం చెవి మెలేసి కూర్చోబెట్టేదానివి. నాకొచ్చిన నాలుగు అక్షరాలు నువ్వు నేర్పినవే.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాగితాలేంటని అనుకుంటున్నావు కదా. ఫోనులోనే మాట్లాడదామనుకున్నాను వదినా. మొన్న మూడుసార్లు చేశాను చూడు, అందుకే. నీ గొంతు వినపడగానే మొదటిసారి ఏం కూర వండావని అడిగాను. రెండోసారి వాన పడిందా అన్నాను. మూడోసారి ఏమడిగానో నాకే గుర్తులేదు. “ఏంట్రా, డబ్బాలో రాళ్ళేసి ఊపినట్టు మాట్లాడుతున్నావు, జ్వరమేమైనా వచ్చిందా?” అని నువ్వే కంగారుపడ్డావు. అందుకని రాస్తున్నాను. ఇక్కడి బడిలో లెక్కలు చెప్పే మాస్టారిది అవనిగడ్డ. సెలవుకి వస్తూ ఇది స్వయంగా తెచ్చిస్తానన్నారు. పక్కన ఎవరూ లేనప్పుడు చదువు. నిలబడి చదవకు, అరుగు మీద కూర్చో.

ఇక్కడి సంగతులు అడుగుతుంటావు, ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మనదీ దీవే అంటారు గానీ, దివిసీమలో ఉండగా ఏనాడూ దీవిలో ఉన్నట్టు అనిపించలేదు. బస్సెక్కితే అవనిగడ్డ, పులిగడ్డ దాటితే బందరు, ఇంకాస్త కూర్చుంటే గుడివాడ. ఇక్కడ బస్సు లేదు. ఉన్నా అది వెళ్ళడానికి చోటు లేదు. ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే పావుగంట. పొలం లేదు, గట్టు లేదు, ఆవు లేదు, ఆఖరికి కుక్క కూడా లేదు. కుక్కలు లేని ఊరుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. నేలంతా తెల్లటి ఇసక. కాళ్ళకి బురద అంటి నాలుగేళ్ళవుతోంది. మన రేగడి బురదని ఎన్ని తిట్లు తిట్టుకునేవాళ్ళం! ఇప్పుడు వాన వెలిశాక ఆ వాసన రాకపోతే లోపల ఏదోగా ఉంటుంది.

ఎండలు మనవే, ఉక్క మనదే. చలికాలం మాత్రం రాదు. మనకున్నట్టు తుఫాను భయం లేదు, రేవులో ఒకటో నంబరు, మూడో నంబరు ప్రమాద జెండాలు ఎగరెయ్యడం ఉండదు. తిండి చెప్తే నవ్వుతావు. పొద్దున ట్యూనా, మధ్యాహ్నం ట్యూనా, సాయంత్రం టీలోకి కూడా ట్యూనా పెట్టిన బజ్జీ. అంత మంచి చేపని ఉప్పునీళ్ళలో ఉడకేసి, ఆ నీళ్ళే అన్నంలో పోసుకుంటారు. నువ్వు పంపిన చింతపండుతో ఓసారి పులుసు పెట్టాను. నా గదిలో ఉండే బంగ్లాదేశ్ అతను గిన్నె నాకినంత పని చేశాడు. మందు ఈ దీవిలో దొరకదు, ఆ విషయంలో మాత్రం గుండె మీద చెయ్యేసుకుని నిద్రపో.

పనీ కష్టమేం కాదు. పడవలు తెచ్చిన చేపని కోసి, ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండేసే షెడ్డు మాది. వీళ్ళు వల వెయ్యరు వదినా. కర్రకి గేలం కట్టి ఒక్కో చేపా లాగుతారు. మా యజమాని పెద్దాయన, మంచివాడు. సముద్రంలో పుట్టి పెరిగినవాడివి, పడవెక్కు, జీతం పెంచుతానని ఇప్పటికి ఎన్నిసార్లు అడిగాడో. నేను ఎక్కలేదు. కళ్ళు తిరుగుతాయని చెప్పాను. నాకు కళ్ళు తిరగడమేంటి?

ఇక్కడి నీళ్ళు అద్దంలా ఉంటాయి. జెట్టీ మీద నుంచి చూస్తే అడుగున ఇసకా, రాళ్ళూ, వాటి మధ్య తిరిగే చేపలూ అన్నీ కనపడతాయి. మన ఏటి మొగ దగ్గర మోచేతి వరకు ముంచితే వేళ్ళు కనపడవు కదా. వచ్చిన కొత్తలో అందరూ ఆ నీళ్ళ దగ్గర ఫోటోలు దిగుతుంటే నేను షెడ్డు వెనక్కి పోయి కూర్చునేవాణ్ణి. నాకా అడుగు చూడాలంటే భయం.

చూశావా, ఇన్ని రాశాను గానీ రాయాల్సింది రాయలేదు.

దుర్గ కిందటి ఆదివారం ఫోను చేసింది. చిలకలపూడిలో తను పనిచేసే రోల్డ్ గోల్డ్ షాపు బయట నిలబడి మాట్లాడింది, నీకు తెలియదు. దాన్ని కోప్పడకు. గుడివాడ సంబంధం వాళ్ళు మళ్ళీ అడిగారట. అబ్బాయి మంచివాడనీ, వాళ్ళకీ దుర్గంటే ఇష్టమనీ నువ్వే నాతో అన్నావు. ముహూర్తం పెట్టుకుందామంటే మాత్రం, “వాళ్ళ నాన్న రానివ్వండి, ఆయనా నేనూ పీటల మీద కూర్చోకుండా నా కూతురి పెళ్ళేంటి” అన్నావట. ఇది మూడోసారట. వాళ్ళు ఇక ఆగలేమన్నారట. దుర్గ ఏడవలేదు వదినా, అదే నాకు భయమేసింది. మెల్లగా అంది, “నాన్న రాడని నాకు తెలుసు బాబాయ్. అమ్మకి ఎవరు చెప్తారు? నువ్వు చెప్తే నమ్ముతుంది. నువ్వు చెప్పిందే కదా ఇన్నాళ్ళూ నమ్మింది.”

అది ఏం తెలిసి అందో, తెలియక అందో నాకు తెలియదు.

అంతకు ముందు నెలలో ఇక్కడ ఓ ముసలి పడవాయన పోయాడు. పొద్దున పోతే సాయంత్రంలోగా మట్టి చేసేశారు. వీళ్ళ పద్ధతి అది. మర్నాడు మా యజమానితో పాటు వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని వచ్చినవాళ్ళందరి ముందూ ఏడుస్తోంది. మూడు వారాలు పోయాక పనికి వెళ్తూ చూస్తే, ఆవిడే వీధి ఊడుస్తూ పక్కింటావిడతో ఏదో మాటకి నవ్వుతోంది. ఏడవాల్సింది ఏడ్చేసి లేచింది ఆవిడ. నిన్ను నేను నాలుగేళ్ళుగా ఏడవనివ్వలేదు.

వదినా, అన్నయ్య లేడు. ఆ రోజే పోయాడు. నా చేతుల్లోనే పోయాడు.

ఏరు సముద్రంలో కలిసే చోట, మొగ దగ్గర ఇసక మేట మీద అల లేచి బోటు బోల్తాపడిందని చెప్పాను కదా, అది నిజం. అప్పుడు మధ్యాహ్నం. బోటు అంచు అన్నయ్య తల వెనక తగిలింది. నీళ్ళలోంచి పైకొచ్చాక చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను. తిరగబడ్డ బోటుని ఒక చేత్తో, అన్నయ్యని ఒక చేత్తో పట్టుకున్నాను. కాసేపు ఊపిరి ఆడింది. తర్వాత ఆడలేదు. ముక్కు దగ్గర చెంప పెట్టి చూశాను. మెడ మీద వేళ్ళు పెట్టి చూశాను. పిలిచాను. అయినా వదల్లేదు వదినా, పోయాడని తెలిసి కూడా చాలాసేపు పట్టుకునే ఉన్నాను. ఆటు నీళ్ళు మమ్మల్ని సముద్రం లోపలికి లాగేస్తున్నాయి. ఒడ్డున మడచెట్లు చిన్నవైపోతున్నాయి. బోటుకి కడదామంటే తాడు చేతికి అందలేదు. చెయ్యి మొద్దుబారిపోయింది. ఈదితే ఒక్కణ్ణే ఈదగలను. వదిలేశాను.

మనవాళ్ళెవరూ మనిషిని నీళ్ళలో వదిలి రారు. ప్రాణం లేకపోయినా ఒడ్డుకి తెస్తారు. నేను వదిలేసి వచ్చాను.

వేరే బోటు వాళ్ళు నన్ను ఎక్కించుకుని రేవుకి తెచ్చారు. నువ్వు చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి నా రెండు భుజాలూ పట్టుకుని, “మీ అన్న ఏడి?” అన్నావు. ఆ మాటకి నిజం చెప్పే నోరు నాకు రాలేదు. ఖాళీ ప్లాస్టిక్ క్యాను పట్టుకుని తేలుతున్నాడనీ, దూరంగా పెద్ద బోటొకటి వచ్చిందనీ, ఎక్కించుకునే ఉంటారనీ అన్నాను. అప్పటికి ఆ ఒక్క నిమిషం గడిస్తే చాలనుకున్నాను. నీ ముఖంలోకి ప్రాణం వచ్చింది. అది చూశాక వెనక్కి తీసుకోలేకపోయాను. ఏ ఊరి బోటని సత్యం బావ అడిగితే తమిళం వాళ్ళదిలా ఉందన్నాను. ఆ బోటే లేదు. నా మాట పట్టుకుని నువ్వు ఎన్ని రేవులకి ఫోన్లు చేయించావో, ఎంతమందికి అన్నయ్య ఫోటో పంపావో నాకు తెలుసు. మన ఏటి ఒడ్డున ఉన్న శ్రీకాకుళం గుళ్ళో మొక్కుకున్నావనీ తెలుసు. పెద్దలొచ్చి, మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపిస్తారమ్మా అంటే, “ప్రాణమున్న మనిషికి కర్మ చేస్తారా? నువ్వు చెప్పరా ఏడుకొండలూ” అని నావైపు చూశావు. నేను తలూపాను. నోటితో కూడా కాదు, తల ఊపాను. ఆరు నెలలు తిరక్కుండానే ఈ దీవికి పారిపోయి వచ్చాను. డబ్బు కోసమని ఊరంతా అనుకున్నారు. నీ నుదుటి మీద బొట్టు రోజూ చూస్తూ ఆ ఇంట్లో అన్నం తినలేకే వచ్చాను.

క్షమించమని అడగను. నీకు అమ్మనీ అక్కనీ తిట్టే తిట్లన్నీ నన్ను తిట్టే హక్కుంది. నువ్వు తిట్టవని తెలుసు, అదే ఇంకా కష్టం.

దుర్గ పెళ్ళి చెయ్యి వదినా. సత్యం బావా, ఆయన భార్యా పీటల మీద కూర్చుంటారు. వాళ్ళు కాదనరు. ముందు అన్నయ్యకి జరగాల్సింది జరిపించు. ఆ రోజు మధ్యాహ్నం తిథి ఏదో పంతులు గారు చూసి చెప్తారు. బొట్టు తియ్యమని మాత్రం నేను చెప్పను. నువ్వు ఉంచుకుంటే ఉంచుకో. ఎవరైనా ఏమైనా అంటే ఏడుకొండలు ఉంచుకోమన్నాడని చెప్పు, వచ్చి నాతో పోట్లాడమను. పెళ్ళిలో నిన్ను వెనక్కి వెళ్ళి కూర్చోమంటారు. కూర్చోకు. దుర్గ పక్కన నిలబడు.

నన్ను రమ్మంటే వస్తాను. పెద్దల ముందు నిలబడి ఇదంతా నా నోటితోనే చెప్తాను. వద్దంటే రాను. నీ నుంచి కబురు వచ్చేదాకా ఫోను చెయ్యను. సత్యం బావకీ, వాళ్ళింట్లో అక్కయ్యకీ నా నమస్కారాలు చెప్పు. దుర్గకి బాబాయి ఆశీస్సులు. నీ కాళ్ళకి దణ్ణం పెడుతున్నాను. దీవించాలనిపిస్తే దీవించు, లేకపోతే లేదు.

చివర్లో ఏమన్నాడని అడుగుతావు. ఏమీ అనలేదు వదినా. దెబ్బ తగిలాక కళ్ళు తెరవలేదు. నీ పేరు తలుచుకున్నాడని రాస్తే నీకు కాస్త బాగుంటుందని తెలుసు. రాద్దామనే అనుకున్నాను కూడా. ఇక నేనేమీ కల్పించను. ఆ పొద్దున బోటులో చద్దన్నం తింటూ మాత్రం, “మీ వదిన ఇవాళ పచ్చడిలో ఉప్పెయ్యడం మర్చిపోయిందిరా. ఇంటికెళ్ళాక అనకు, బాధపడుద్ది” అని నవ్వాడు. నీ గురించి అన్నయ్య అన్న ఆఖరి మాట అదే.

ఇట్లు,
నీ దగ్గర పెరిగిన
ఏడుకొండలు