పై వాటాకి రాని నెట్

కింది వాటాలో ఉన్న అక్కకి,

పై వాటా నుంచి నీ చెల్లెలు రాస్తున్నది.

ఆ రోజు నీళ్ల మోటారు ఆపకుండా బయటికి వెళ్లింది నేనేనా? ఈ ప్రశ్న ఇన్నేళ్లుగా నన్ను వదల్లేదు. స్విచ్ మీద వేలు పెట్టినట్టు గుర్తుంది. ఆ వేలు నొక్కిందా లేదా అన్నదే గుర్తు లేదు. ట్యాంకు పొంగింది, మెట్ల మీదుగా నీళ్లు నీ కుట్టు గదిలోకి దిగాయి, నువ్వు కత్తిరించి పెట్టుకున్న బట్టలు తడిసి ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంది. అంతవరకూ నిజం. తప్పు నాదేనని నువ్వంత గట్టిగా ఎలా అనగలిగావో, కాదని నేనెందుకు అనలేకపోయానో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కాలేజీలో తర్కశాస్త్రం చెబుతాను. ఒక సంగతి మనకు ‘తెలుసు’ అనాలంటే ఏమేం ఉండాలో పిల్లలకి బోర్డు మీద రాసి చూపిస్తాను. ఇంటికొచ్చి ఆ స్విచ్ దగ్గర ఆగిపోతాను.

సరే, నేను రాయడానికి కూర్చున్నది ఇది కాదు. నెట్ రావడం లేదు.

మనం మాట్లాడుకునే రోజుల్లో పెట్టించుకున్న కనెక్షను కదా, మాటలు పోయినా అది పోలేదు. మొన్నటి పిడుగుకి పాత నెట్ డబ్బా కాలిపోయి మీ ఇంట్లో కొత్తది పెట్టినప్పటి నుంచి పైకి మాత్రం చుక్క రావడం లేదు. శుక్రవారం పొద్దున నాకు ఇంటర్వ్యూ ఉంది, వీడియోలో. పర్మనెంటు పోస్టుకి. ‘తాత్కాలిక’ అన్న మాట ఇంటిపేరులా నా పేరు ముందు అంటుకుపోయిందని నీకు తెలుసు. ఈసారి తప్పితే నా వయసు దాటిపోతుంది, ఇంక పిలవరు. దయచేసి ఆ డబ్బా ఒకసారి ఆపి మళ్లీ వెయ్యి.

తాడు కట్టిన బుట్టలో ఈ ఉత్తరంతోపాటు కోటు గుడ్డ దించుతున్నాను. ఇంటర్వ్యూకే. మాటలు లేకపోయినా నీ కుట్టు తప్ప నాకు ఇంకోటి నప్పదు. పాత కొలతలే.

ఇట్లు,
పైనున్న చెల్లెలు

తా.క. మాట్లాడుకోకూడదని అనుకున్నాం గానీ రాసుకోకూడదని అనుకోలేదుగా.

*

పై వాటా పంతులమ్మకి,

మిషను ఆపి లేచి, అక్క రాస్తున్నది.

నెట్ రావడం లేదా? ఇక్కడ దివ్యంగా వస్తోంది. మీ బావ లేచింది మొదలు చదరంగం చూస్తున్నాడు. తను ఆడడు. ఎవరో ఇద్దరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తుంటే కళ్లార్పకుండా చూస్తాడు. వాళ్లు కదిలితే ‘అబ్బా’ అంటాడు. డబ్బా మీద దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. కాబట్టి జబ్బు డబ్బాది కాదు, నీ కంప్యూటర్‌ది. దానికీ నీలాగే అనుమానాలు ఎక్కువై ఉంటాయి.

అయినా అడిగావు కాబట్టి ఆపి, మళ్లీ వేశాను. ఆపానని నాకు గుర్తుంది కూడా. కొందరికి గుర్తుంటుంది.

నీ బల్ల కిటికీ దగ్గరికి జరుపుకుని చూడు. గోడలు అడ్డం వస్తే అందదట.

ఉంటాను. జిప్పు పెట్టాల్సిన ప్యాంట్లు కొండలా ఉన్నాయి.
కింది వాటా అక్క

తా.క. కోటుకి పాత కొలతలే అన్నావు. నువ్వు బుట్ట దించుతుంటే కింద నిలబడి చూశాను. నడుం దగ్గర కాస్త గుడ్డ వదులుతున్నాను. ఇది కోపం కొద్దీ అంటున్నది కాదు, కళ్లతో చూసింది.

*

కంటి చూపుతో కొలతలు తీసే అక్కకి,

చెల్లెలు రాస్తున్నది.

బల్ల కిటికీ దగ్గరికి జరిపాను. తర్వాత వంటింట్లోకి. తర్వాత స్నానాల గది గుమ్మంలోకి. ఇప్పుడు ఇంట్లో ఎక్కడికి వెళ్లాలన్నా బల్ల కింద నుంచి దూరాలి.

అక్కా, సిగ్నలుకి ఏ లోటూ లేదు. మన నెట్ పేరు కనిపిస్తోంది, గీతలు నిండుగా ఉన్నాయి. పాస్‌వర్డ్ అడుగుతోంది. పాతది ఇస్తే ‘తప్పు’ అంటోంది. మళ్లీ ఇస్తే మళ్లీ ‘తప్పు’. మనుషులు ‘తప్పు’ అంటే పడ్డాను గానీ దీనిచేత కూడా అనిపించుకోవాలా? ఒక అక్షరం బదులు ఇంకోటి నొక్కుతున్నానేమో అని ఒక్కో అక్షరం పైకి చదువుతూ నొక్కాను. పక్కింటి మృదంగం మాస్టారు గోడ మీంచి తొంగి చూసి, ‘అమ్మా, చిన్నపిల్లలకి చదువు చెబుతున్నారా?’ అని అడిగారు.

కొత్త డబ్బాకి కొత్త పాస్‌వర్డ్ పెట్టారా? ఏం పెట్టారు? అది ఒక్కటీ రాసి పంపు, చాలు.

నీ జవాబు కోసం బుట్ట దించే ఉంచుతాను.
చెల్లెలు

తా.క. నడుం సంగతి. అవును. కానీ అంత దూరం నుంచి కనిపిస్తోందా?

*

చెల్లెలికి,

అక్క రాస్తున్నది.

కనిపిస్తోంది.

పాస్‌వర్డ్ అన్నావు. దాని సంగతి తర్వాత చూద్దాం. డబ్బా ఎత్తులో లేకపోవడమే అసలు కారణమని నా అనుమానం. అందుకని బీరువా ఎక్కించాను. బీరువా ఇనుముది, అడ్డం కొడుతుందని మీ బావ అన్నాడు. దించి, కోట్లు తొడిగి చూసే బొమ్మ ఉంది కదా, దాని నెత్తిన పెట్టి రిబ్బనుతో గడ్డం కిందికి కట్టాను. అచ్చం టోపీలా ఉంది. బ్యాంకు మేనేజరు గారి భార్య వచ్చి చుట్టూ తిరిగి చూసి, ‘ఇలాంటిది నాకూ ఒకటి కావాలి, దీపాలు లేకుండా’ అంది. సరేనని కొలత తీసుకున్నాను. ఏం చెయ్యను?

ఇస్త్రీ పెట్టె దూరంగా జరిపాను. నిలువుటద్దానికి దుప్పటి కప్పాను. నీ కోసం ఇంతకంటే ఏం చెయ్యమంటావు? ఇప్పుడు చూడు, వస్తుంది.

ఇట్లు, నీ మేలు కోరే
అక్క

తా.క. డబ్బా బొమ్మ నెత్తికెక్కాక చదరంగంలో గుర్రం చెవులు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయట. మీ బావ నీకు థాంక్స్ చెప్పమన్నాడు.

*

అక్కకి,

పాస్‌వర్డ్ అడిగితే బొమ్మకి టోపీ పెట్టావు.

నేను తెలివితక్కువదాన్ని కాను. ఒకవేళ అయినా ఇంత చిన్న సంగతి అర్థం కానంత కాను. ఆ పాస్‌వర్డ్ నీకు తెలుసు. తెలిసీ చెప్పడం లేదు. ఎందుకా అని రెండు కప్పుల టీ తాగుతూ ఆలోచించాను. నాకు తట్టిన కారణం ఒక్కటే. ఆ నీళ్లు నీ కుట్టు గదిలో ఎప్పుడో ఆరిపోయాయి, నీ మనసులో ఆరలేదు. నాకీ ఉద్యోగం రాకూడదని నీ కోరిక. అలా రాయడం నాకే బాగా లేదు, కానీ మిగతా కారణాలన్నీ కొట్టేశాక మిగిలింది ఇదే. క్లాసులో పిల్లలకి చెప్పేదీ ఈ పద్ధతే.

ఫోన్లో నెట్‌తో చూద్దామంటే ఈ గోడల మధ్య దానికి ఊపిరి ఆడదు, వీడియో బిగుసుకుపోతుంది. లైబ్రరీకి రంగులు వేస్తున్నారు. మృదంగం మాస్టారి ఇంట్లో నెట్ ఉంది, కానీ పొద్దున్నే ఆయన శిష్యులు కూడా ఉంటారు. నెట్ అతను బావమరిది పెళ్లికి వెళ్లి ఫోను ఆపేసుకున్నాడు. ఇంక మిగిలింది నువ్వే.

శుక్రవారం రేపే. ఇవ్వనంటే ఇవ్వనని ఒక్క ముక్క రాయి.

చెల్లెలు

తా.క. నాకు చెప్పడం ఇష్టం లేకపోతే బావని పంపు. తనొచ్చి టైపు చేస్తాడు, నేను కళ్లు మూసుకుంటాను.

*

ఒసేయ్ చెల్లీ,

నీ ఉత్తరం చదివి సూది వేల్లో గుచ్చుకున్నాను. నీకు ఉద్యోగం రాకూడదనా? నీ కోటుకి లోపల పట్టు లైనింగు వేశాను, నువ్వు అడక్కుండా. వీడియోలో కనిపించదని తెలిసీ వేశాను. రాకూడదనుకునే వాళ్లు వేస్తారా?

జరిగింది చెబుతాను. నవ్వకు. ఏడవకు కూడా.

డబ్బా బిగించాక నెట్ అతను, ‘మీరు జన్మలో మర్చిపోని మాట ఏదైనా చెప్పండమ్మా, అదే పాస్‌వర్డ్ పెడతాను’ అన్నాడు. నేను మిషను మీద ఉన్నాను. తల ఎత్తకుండా నోటికొచ్చింది చెప్పేశాను. అతను నా ఫోన్లో, మీ బావ ఫోన్లో తనే కొట్టిపెట్టి వెళ్లిపోయాడు. అతను గుమ్మం దాటాక నేనేం అన్నానో నాకు వినిపించింది. మార్చడం నాకు రాదు. మీ బావకి ఇప్పటిదాకా చెప్పలేదు. చెబితే పకపకా నవ్వి వీధి చివర దాకా చెప్పొస్తాడు. అందుకే పంపలేదు. అందుకే ఆ టోపీ, ఆ దుప్పటి, అంతా. సిగ్గేసింది.

పాస్‌వర్డ్: తప్పు చెల్లిదే. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా.

కోపం ఎప్పుడో పోయింది. మాట మాత్రం నోట్లో ఉండిపోయింది. ఇంకోటి కూడా చెప్పేస్తాను. నువ్వు మోటారు ఆపకుండా వెళ్లడం నేను చూడలేదు. మీ బావ చెప్పాడు. నీ ఉత్తరం చూశాక ఇవాళ నిలదీశాను. తనూ చూడలేదట. ‘ఇంకెవరుంటారు’ అనుకున్నాడట.

కోటు బుట్టలో పెట్టాను. తాడు మెల్లగా లాగు, నలిగిపోతుంది.

మీ అక్క

తా.క. అక్షరాలు ఒక్కటే చాలవు, అంకె కూడా ఉండాలన్నాడు. చివర నూరు పెట్టమన్నాను. నూటికి నూరు పాళ్లు అని.

*

అక్కకి,

శుక్రవారం మధ్యాహ్నం, కోటు విప్పకుండానే నీ చెల్లెలు రాస్తున్నది.

నూటికి నూరా? యాభై అయితే అప్పుడే సంతకం పెట్టేదాన్ని.

నిన్న కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చున్నాను. నా తప్పు నా వేళ్లతోనే, ఒక్కో అక్షరం ఏరుకుని రాయాలి. రాస్తే ఉద్యోగం, రాయకపోతే గౌరవం. గౌరవానికి పింఛను ఉండదు. రాశాను. రెప్పపాటులో కలిసింది. నేను నిజమని రాసిందేదీ ఎప్పుడూ ఎవరూ అంత తొందరగా ఒప్పుకోలేదు.

ఇంటర్వ్యూ బాగానే మొదలైంది. తెర మీద నలుగురు. పెద్దావిడ ఒకరు, తెల్ల జుట్టు, మధ్యలో కూర్చున్నారు. ‘ఒక మనిషికి తన తప్పు తనకెలా తెలుస్తుంది?’ అని అడిగారు. నాకు జవాబు వచ్చిన ప్రశ్నే. నోరు తెరిచేసరికి వీడియో బిగుసుకుపోయింది. తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది. మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతోంది కాబోలనుకుని గబగబా కొట్టి నొక్కేశాను. ఈలోగా వీడియో దానంతటదే కదిలింది. నేను కొట్టింది పాస్‌వర్డ్ పెట్టెలో కాదు, వాళ్లందరికీ సందేశాలు వెళ్లే పెట్టెలో.

నలుగురూ ముందుకి వంగి చదివారు. తప్పు చెల్లిదే నూరు.

పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, ‘ఇది మా ప్రశ్నకి జవాబా అమ్మా?’ అన్నారు.

ఇంక దాచడానికి ఏం మిగిలింది? అంతా చెప్పేశాను. మోటారు, మెట్లు, రంగులు, బొమ్మ, టోపీ. బ్యాంకు మేనేజరు గారి భార్య దాకా వచ్చేసరికి ఒకాయన తెర లోంచి తప్పుకున్నారు, నవ్వు మాత్రం వినిపిస్తూనే ఉంది. పెద్దావిడ నవ్వలేదు. ‘ఇంతకీ తప్పు చెల్లిదేనా?’ అన్నారు. ఉద్యోగం కావాలనుకునే ఎవరైనా అక్కడ అవుననో కాదనో అనాలి. నేను, ‘వేలు స్విచ్ మీద ఉందండీ, నొక్కిందో లేదో నాకు తెలియదు. నొక్కలేదని తెలిసిన వాళ్లు కూడా ఎవరూ లేరని నిన్ననే తేలింది’ అన్నాను. ఆవిడ, ‘నేనూ చెల్లెలినే’ అన్నారు. తర్వాత పిల్లలకి ఇదే పాఠం ఎలా చెబుతానో చెప్పమన్నారు. చెప్పాను. ఇందాకే ఫోను వచ్చింది.

ఇచ్చారక్కా. పర్మనెంటు.

ఇప్పుడు నెట్ అతను పెళ్లి నుంచి వస్తాడు. పాస్‌వర్డ్ మార్పించమని నేను అడగాలా, అడగకూడదా? మారిస్తే నువ్వు అన్నది వెనక్కి తీసుకున్నట్టు. ఉంచితే నేను ఒప్పుకున్నట్టు. ఏది నాకు ఎక్కువ ఇష్టమో నాకే తెలియడం లేదు. నీ మాట వెనక్కి వచ్చేస్తే నాకు కాస్త వెలితిగా కూడా ఉంటుందేమో. ఎంత ఆలోచించినా తేలడం లేదు, తేలలేదనే రాస్తున్నాను.

నీ
పర్మనెంటు చెల్లెలు

తా.క. ఈ ఉత్తరం బుట్టలో వెయ్యడం లేదు. నేనే పట్టుకుని మెట్లు దిగుతున్నాను. నువ్వు తలుపు తీశాక ముందు ఎవరు మాట్లాడాలో అదీ తేల్చుకోలేదు.