కొర్రమట్టల చెరువు పక్కనే ఇల్లు

ఆదివారం, రాత్రి

చిట్యాల చుట్టుపక్కల కిరాయి ఇంటి కోసం తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి. నీళ్లొస్తాయా, బస్సు ఆగుతుందా అని నా భార్య సుజాత అడుగుతుంది. నేను మాత్రం గాలం వేయడానికి చెరువు ఎంత దూరమో చూసుకుంటాను. ఈ రోజు చూసిన ఇంటికి పెరటి గోడ దాటితే చెరువే. ఒక కొర్రమట్ట చేప గాలి కోసం గుబుక్కున పైకి తేలి మునిగింది. ఇంట్లోకి అడుగుపెట్టకుండానే మనసులో ఖాయం చేసుకున్నాను.

ఇల్లుగల ముసలమ్మ, "నీసు తినేటోళ్లకు ఇల్లియ్య బిడ్డా. మీరు తింటరా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే సుజాత, "ముట్టం అవ్వా" అనేసింది.

బండి మీద వస్తూ, అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను.

"అబద్ధమేంది? పెండ్లయినకాంచి నీ చేపలకు బూడిద రాసి బండకు రుద్దుతనే ఉన్న. ఇగ నాతోని కాదు. పట్టుకో, చూస్కో, మల్ల చెరువులనే ఇడిసిపెట్టు."

ఇంటికి రాగానే ఆమె సామాను సర్దడం మొదలుపెట్టింది. నా గాలం కట్టెను కొంగుతో తుడిచి తలుపు పక్కన నిలబెట్టింది. ఆ తర్వాత బూడిద డబ్బా తీసుకెళ్లి పెరట్లో బోర్లించి వచ్చింది.