నీళ్లకు నిలిచే షీటు

నిజామాబాద్,
ఆదివారం.

గోదావరికి,

ఇంట్లో ముగ్గురమూ ఆరోగ్యంగానే ఉన్నాం. నీ ఉత్తరం చూశాక నువ్వూ బాగానే ఉన్నావని మనసు కుదుటపడింది. మన గల్లీ మహేష్ శుక్రవారం మస్కట్ బయలుదేరుతున్నాడు. అతని చేతికి ఈ ఉత్తరం, కొత్త పసుపు, అవ్వ చేసిన సకినాలు ఇస్తున్నాను. సకినాలు దారిలో విరిగితే అవ్వను అనకు, మహేష్‌ను అను.

"ఫోన్ల నువ్వు ఆఁ అంటవ్, ఊఁ అంటవ్, పెట్టేస్తవ్. కాగితం మీదనన్న నాలుగు మాటలు రాయి" అని రాశావు. రోజూ జమాఖర్చు రాసుకునే అలవాటున్నా ఉత్తరం రాయడం నాకు వేరే పనిగానే ఉంది. పొద్దున్నే కూర్చున్నాను. రెండు కాగితాలు చింపాను. ఇది చింపను.

నువ్వడిగినవి ముందు. అవ్వకు మోకాలి నొప్పి తగ్గింది. గోడ పట్టుకోకుండానే లేస్తోంది. బీడీలు చుట్టడం తగ్గించమంటే మాత్రం వినదు, చేతులు ఊరికే ఉంటే పిచ్చిలేస్తుందంటుంది. మన సుష్మ ఇంటర్ పరీక్షలు సగం అయ్యాయి. లెక్కల పేపరు బాగా రాసిందట. ఫిజిక్స్ గురించి అడిగితే "ఆకలైతుంది" అని లోపలికి పోయింది. వంటింటి మీద రేకు మార్పించాను. నేను మధ్యాహ్నం అన్నం మానడం లేదు.

ఇంక అసలు ప్రశ్న. వచ్చే నెలతో అక్కడి పని ఒప్పందం అయిపోతుందని, ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమంటున్నారని, ఏమంటావని అడిగావు. ఫోన్లో కూడా అడిగావు. "నీ ఇష్టం" అన్నాను. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే రాస్తాను. కానీ ఆ జవాబు ఇన్నాళ్లూ ఒక చేపల తొట్టి మీద నిలబడి ఉంది. ముందు తొట్టి సంగతి చెప్పాలి.

బోధన్‌లో పిల్లల డాక్టర్ నిరోష గారని ఉన్నారు. సూది మందు కోసం వచ్చిన పిల్లలు ఏడవకుండా కూర్చునే చోట నాలుగడుగుల తొట్టి కావాలన్నారు. నేను ఇంతవరకు కట్టినవన్నీ చిన్నవి, ఇండ్లలో టీవీ పక్కన పెట్టుకునేవి. నలుగురి కళ్లలో పడే చోటికి ఇదే మొదటిది. ఇది నిలిస్తే దుకాణం నిలుస్తుంది, కారితే బోర్డుల షాపులో అక్షరాలు కోసే పనికి మళ్లీ పోవాలి. అప్పుడు నువ్వు ఆ సంతకం పెట్టక తప్పదు. ఇది నీకు ఫోన్లో చెప్పలేదు.

గాజు వదిలి ప్లాస్టిక్ ఎందుకు పట్టుకున్నావని రాశావు. ముందు వైపు మూలలు ఉండొద్దని డాక్టర్ గారు అన్నారు. పిల్లలు పరుగెత్తి తలలు కొట్టుకుంటారు కదా. గాజును మన దగ్గర అట్లా వంచేవాళ్లు లేరు. పైగా ఏ పిల్లవాడో బొమ్మ విసిరితే గాజు ముక్కలు, పావు టన్ను నీళ్లు కలిసి వాళ్ల మీదే పడతాయి. అందుకని అక్రిలిక్ షీటు.

బోర్డుల షాపులో అంతకాలం ఆ షీటుతోనే పనిచేసినా నాకు తెలియని సంగతి ఒకటుంది. అందులో రెండు జాతులు. ఒకటి రెండు అద్దాల మధ్య పోసి గట్టిపరిచేది, పోత షీటు. ఇంకోటి మురుకులు ఒత్తినట్టు యంత్రంలోంచి సాగదీసేది. బోర్డుకు ఏదైనా ఒకటే. నీళ్లకు కాదు. పైకి చూస్తే రెండూ అద్దంలాగే ఉంటాయి. సాగదీసిన షీటు మందం నాలుగు మూలలా ఒక్కటే వస్తుంది. పోత షీటు ఒక మూలన వెంట్రుకంత ఎక్కువ, ఇంకో మూలన తక్కువ ఉంటుంది. సమానంగా ఉన్నదే మంచిదని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. నీళ్ల పనికి సమానంగా లేనిది తీసుకోవాలి. కోస్తే పోత షీటు పొడిపొడిగా రాలుతుంది, రెండోది కరిగి రంపానికి అంటుకుంటుంది.

షీట్లమ్మే రామ్‌దాస్ సేట్ రెండూ ముందర పెట్టాడు. నాందేడ్ వైపు మనిషి, మాట సగం మరాఠీ. చౌకది తట్టి చూపించాడు.

"భావూ, గిది తీస్కపో. పైసలు మిగుల్తయ్. చేపలకు తెలుస్తదా ఏ షీటో?"

"చేపలకు తెల్వది సేట్. పగిలిన్నాడు నాకు తెలుస్తది."

"పగిలేదాక నువ్వు అక్కడ కుసుంటవా ఏంది? ఇచ్చినవ్, పైసలు తీస్కున్నవ్, ఐపాయె."

వెంటనే వద్దనలేకపోయాను గోదావరీ. చౌకది తీసుకుంటే మిగిలే డబ్బు చిన్నది కాదు. అది చేతిలో ఉంటే నిన్ను రమ్మనొచ్చు అనిపించింది. రెండింటి నుంచీ చెయ్యంత ముక్కలు అడిగి ఇంటికి తెచ్చాను. తాడు కట్టి విల్లులాగా వంచి, రెండింటినీ సుష్మ గోళ్ల రంగు తుడుచుకునే నీళ్లతో తుడిచాను. అవ్వ చాయ్ పెట్టి తెచ్చేలోపు చౌక ముక్క టిక్కుమని అడ్డంగా చీలింది. పోత ముక్క మీద పైన సన్నని గీతలే పడ్డాయి. మరునాడు పోయి పోత షీటు తెచ్చాను. ఇంక డబ్బు ఏమీ మిగలదని తెలిసే తెచ్చాను.

కాల్చి వంచిన షీటును మెల్లగా చల్లారనివ్వాలి. గబుక్కున చల్లబడితే లోపల ఒత్తిడి నిలిచిపోయి ఎప్పుడో పగులుతుంది. జనవరి చలి. ఇంట్లో ఉన్న బొంతలన్నీ తెచ్చి కప్పాను, అవ్వదీ కప్పాను.

"ఓ రాజం, తొట్టికి సలి వెడ్తదిరా? నాకు వెట్టదా?"

"జర ఓపిక వట్టవ్వా. పొద్దుగూకేసరికి ఇచ్చేస్త."

"నువ్వు పుట్టిన్నాడు సుత గింత మంచిగ కప్పలే నిన్ను."

అతికించాక పెరట్లో పెట్టి నీళ్లు నింపాను. ఎక్కడైనా సన్నగా కారితే కంటికి తెలియదు, గాలికే ఆరిపోతుంది. ఏంచేయాలా అని తొట్టి చుట్టూ తిరుగుతుంటే ఉపాయం అవ్వే చెప్పింది. "లోపట పసుపు కలుపు, బయట అతుకులకు సున్నం రాయి. యాడ కారితే ఆడ ఎర్రగైతది. దిష్టినీళ్లు ఎన్నడు సూడలేదా?" అట్లాగే చేశాను. మన పసుపు మార్కెట్ ఊళ్లో పుట్టి నాకు ఈ ఆలోచన రాలేదు.

రెండోనాడు కింది మూలన ఎర్రగా ఒక చుక్క కనిపించింది. నీళ్లన్నీ తోడి పారబోసి, తొట్టిని పక్కకు తిప్పి, అతుకు కోద్దామని రంపం తీశాను. అప్పుడు అవ్వ వచ్చి వంగి చూసి, "అయ్యో, గది నా పాన్ మరకనేరా. తుపుక్కున వడ్డది" అంది. సుష్మ నవ్వుతూ నేల మీద కూర్చుండిపోయింది. నాకు కోపం రావాల్సింది, రాలేదు. మళ్లీ నింపాను. వారం పైనే ఉంచాను. ఇంకెక్కడా ఎర్రబడలేదు.

ఫిబ్రవరిలో బోధన్ తీసుకెళ్లి పెట్టి వచ్చాను. డాక్టర్ గారు సంతోషపడ్డారు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డారు. ఇంకో పదిహేను రోజులు ఏ మాటా రాకపోతే నీకు ఫోన్ చేసి అన్నీ చెబుదామనుకున్నాను.

అంతలోనే అక్కడి ఆయా రేణుకమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, జల్ది రా. తొట్టికి ముందటంత పగుళ్లు వచ్చినయ్. డాక్టరమ్మ పిల్లలను అవుతలి రూంలకు పంపింది."

అన్నం ముందు నుంచి లేచి బస్సెక్కాను. సేట్ షీటు మార్చి ఇచ్చాడా, నేనే మందం తప్పు కొలిచానా, వంచినప్పుడు తొందరపడ్డానా అని దారంతా అదే. నీ సంతకం కూడా గుర్తుకొచ్చింది. ఆ రోజు సాయంత్రం నువ్వు ఫోన్ చేసి మళ్లీ అడిగితే "పెట్టు" అందామనే అనుకున్నాను.

పోయి చూస్తే నిజమే. ముందు భాగమంతా సాలెగూడు లాంటి గీతలు. డాక్టర్ గారు పక్కనే నిలబడ్డారు.

"లక్ష్మీరాజం గారూ, పగిలి పడుతుందా? ఖాళీ చేయించాలా? నిజం చెప్పండి, పిల్లలుండే చోటు."

జవాబు చెప్పేముందు అతుకులన్నీ వేలితో తడిమాను. పొడిగా ఉన్నాయి. లోపలి వైపు చెయ్యి పెట్టి చూశాను, నున్నగా ఉంది. గీతలు బయటే ఉన్నాయి, అదీ చెయ్యి అందినంత మేరే, గుండ్రంగా తుడిచినట్టు. గీతల దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను.

"రేణుకమ్మా, దీన్ని దేంతోని తుడుస్తున్నవ్?"

"మంచిదాంతోనే అన్నా! సూదికి ముందు చేతికి రాస్తరు సూడు స్పిరిట్, గదే. పిల్లలు చేపలకు ముద్దులు వెడ్తున్నరు, అద్దం నాకుతున్నరు. రోగాల పిల్లలాయె. రోజు మూడుసార్లు తుడుస్తున్న."

అక్కడే పిల్లల చిన్న కుర్చీలో కూలబడ్డాను. నవ్వొచ్చింది. ఆపుకున్నాను, ఆమె ఏమీ అనుకోకూడదని. స్పిరిట్ ఈ షీటుకు పడదు. ఆ మాట వాళ్లకు నేను చెప్పనే లేదు. చెప్పాల్సిన నాడు కూడా "ఆఁ, ఊఁ" అని వచ్చేశాను. నువ్వు నా గురించి రాసింది నిజమని అక్కడ ఒప్పుకున్నాను.

గోటితో గీకి చూశాను. గోరు ఎక్కడా పట్టలేదు. పైపైనే. చౌక షీటు అయితే నిండా నీళ్లతో ఉన్నప్పుడు స్పిరిట్ తగిలితే ఆ రోజు మన ఇంట్లో టిక్కుమన్నట్టే చీలేది. చుట్టూ పిల్లలుండేవారు. అది తలుచుకుంటే ఇప్పుడు రాస్తుంటే కూడా కలం ఆగుతోంది. డాక్టర్ గారికి ఒక్క మాటే చెప్పాను, "భయం లేదమ్మా, పగలదు" అని. ఆమె గట్టిగా ఊపిరి వదిలారు.

నీళ్లు సగానికి దించి, సన్నని గరుకు కాగితం తడిపి రుద్దడం మొదలుపెట్టాను. తర్వాత పాలిష్, మెత్తని గుడ్డ. సాయంత్రమైంది. రేణుకమ్మ పక్కన నిలబడి బకెట్ అందిస్తూ, "పెండ్లిపిల్లకు నలుగు వెట్టినట్టు వెడ్తున్నవ్ గదన్నా. మా ఇంటాయన నా మొకం సుత గింతసేపు సూడలే" అంది. గీతలు పోయాయి. అవతలి గదిలోంచి పిల్లలను మళ్లీ వదిలారు. వాళ్లు తిన్నగా వచ్చి అద్దం నాకారు. ఈసారి రేణుకమ్మ ఉత్త నీళ్ల గుడ్డతో తుడిచింది.

ఇది జరిగి మూడు వారాలు దాటింది. వారం వారం పోయి చూసి వస్తున్నాను. ఒక్క కొత్త గీత రాలేదు. మొన్న డాక్టర్ గారు తమకు తెలిసిన పళ్ల డాక్టర్‌ను మన దుకాణానికి పంపారు, ఆయనదీ మన ఊరే. ఆయన ఇంకా పెద్దది కావాలన్నాడు, అదే షీటుతో అన్నాడు. బయానా ఇచ్చాడు. బోధన్‌లోనే హోటల్ వాళ్లు ఇంకో రెండు అడిగారు. చాలాకాలం తర్వాత నిన్న మధ్యాహ్నం పండుకుని నిద్రపోయాను. అవ్వ వచ్చి జ్వరమొచ్చిందేమోనని నుదురు ముట్టి చూసింది.

ఇంక నీకు చెప్పనిది చెబుతాను.

నిన్ను ఎయిర్‌పోర్టులో దించి తిరిగి వస్తున్నప్పుడు బస్సులో కండక్టర్ వచ్చి ఎన్ని అని అడిగాడు. రెండు అన్నాను. రెండు టికెట్లు కొట్టి ఇచ్చాడు. ఒకటి తిరిగి తీసుకోమని అనలేకపోయాను. బస్సు నిండా జనం ఉన్నారు. పక్క సీటు నాదేనని నిజామాబాద్ దాకా ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఒక పెద్దాయన తిట్టాడు కూడా. ఇంటికొచ్చాక ఖర్చు కింద ఒక్క టికెట్టే రాశాను.

అందుకే "నీ ఇష్టం" అన్నాను. రమ్మన్నాక ఇక్కడ పని నిలవకపోతే నిన్ను మళ్లీ ఆ ఎయిర్‌పోర్టులోనే దించాలి. రెండోసారి అది నా వల్ల కాదు. "నీ ఇష్టం" అనేది నిజం కాదు. నా ఇష్టం నాకు మొదటి నుంచీ తెలుసు.

సంతకం పెట్టకు. నువ్వు చూసుకుంటున్న ఆ ముసలమ్మగారికి వేరే మనిషి కుదిరేదాకా ఉండి, మర్యాదగా చెప్పి రా. నిన్ను కన్నతల్లిలా చూసిందని రాశావు, చెప్పకుండా రావొద్దు.

ఇక్కడ పని కూడా ఉంది. తొట్టి అతికేటప్పుడు అవతలి వైపు పట్టుకునే మనిషి కావాలి. అవ్వకు అంత బలం లేదు, సుష్మకు చదువుంది. నేను గోడకు ఆనించి ఒక్కణ్ణే అతికిస్తున్నాను. అయితే పని కోసం రమ్మంటున్నానని అనుకోకు. పని లేకున్నా రమ్మనే ఉండేది మనసులో. రాసే ధైర్యమే ఉండేది కాదు.

అవ్వ నీ దగ్గర తలనొప్పి మందు ఉంటే తెమ్మంటోంది. సుష్మ ఏమీ వద్దంటోంది, నువ్వొస్తే చాలంటోంది. నేనూ అదే.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
సుష్మ బాపు