గంజి తాగిన వంశం

తమ్ముడు మెర్విన్‌కి,

ఊళ్ళో మాటలు డబ్లిన్‌లో నీ చెవిన పడేలోపే జరిగింది నేనే రాస్తున్నాను. బ్రిటన్ కింద ఉన్న మన ఉత్తరం, మీ దక్షిణ ఐర్లండ్‌తో కలిసిపోవాలా వద్దా అని మొన్న హాల్లో సభ పెట్టారు. "మా ప్రొటెస్టెంట్ల భయాలు కూడా కాస్త వినండి" అన్నానో లేదో, పక్క పొలం మాలకీ లేచాడు.

"ఆ పాత కరువులో ప్రొటెస్టెంట్లు పోసిన గంజి కోసం మా కాథలిక్ మతం వదిలేసిన వంశం మీది. మీరా మాకు చెప్పేది?"

హేజెల్ అత్త కర్ర ఊతంగా లేచింది.

"అవున్రా, మా తాతకి నాయనమ్మ తాగింది. ఇద్దరు పిల్లల్ని పాతిపెట్టి, మిగిలిన ఒక్కడి కోసం తాగింది. తాగకపోతే ఇవాళ నువ్వు తిట్టడానికి నేనుండేదాన్నా?"

మర్నాడు మాలకీ మా గడప దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. "మావాళ్ళూ ఎక్కడో తాగే ఉంటారు పెద్దమ్మా. లేకపోతే నేనెక్కడివాణ్ణి?" అన్నాడు. అత్త టీ ఇచ్చింది గానీ క్షమించానని మాత్రం అనలేదు.

అప్పట్నించీ నాకు కంటిమీద కునుకు లేదు. ఓటింగే వస్తే ఎటు వేస్తావని అత్తనడిగాను. "ఆకలిగా ఉన్నవాణ్ణి నీ మతమేదని అడగని దేశమేదో చెప్పవే, దానికేస్తా" అంది.

నువ్వుండేది సరిహద్దుకి అవతల కదా, అది మీ దేశమో కాదో ఒకసారి వచ్చి ఆవిడకి నువ్వు చెప్పు.

నీ అక్క