రెసిన్ మార్చమంటావా

అన్నా,

నీళ్లలోని సున్నం లాగేయడానికి అక్వేరియం ఫిల్టర్‌లో నువ్వు వేసిన రెసిన్ పూసలు ఇక పనిచేయడం లేదు. ఈ వారంలో మార్చకపోతే చేప బతకదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు చనిపోయి ఏడాది కావస్తోంది.

నువ్వు నేర్పినట్టే చూసుకున్నాను. మురికి పట్టకుండా రెసిన్‌కు ముందు స్పాంజి పెట్టాను. బోరు నీళ్ల సున్నం పట్టేసినప్పుడల్లా ఆ పూసలను కల్లుప్పు నీళ్లలో నానబెట్టి, మంచినీళ్లతో కడిగి మళ్లీ వేశాను. ఇన్నాళ్లూ అలాగే తేరుకునేవి. ఇప్పుడు ఎంత నానబెట్టినా తుప్పు రంగు వదలడం లేదు. పట్టుకుంటే వేళ్ల మధ్య చిట్లిపోతున్నాయి. నీ ఏంజెల్ చేపల్లో ఒక్కటే మిగిలింది. అదీ రెక్కలు ముడుచుకుని మూలన నిలబడుతోంది.

నిన్న పూసలు పారబోయబోతే అమ్మ గిన్నె లాక్కుంది.

"యాడికి ఎత్తుకపోతాండావు? అవి మీ యన్న చేత్తో కడిగినవి."

"చెడిపోయినాయి మా. చేప సచ్చిపోతాది."

"ఇంత సదివినావు గదమే, గుప్పెడు పూసలు బాగుచేయల్యావా?"

ఆమె కల్లుప్పుతో అక్వేరియానికి దిష్టి తీసి, ఆ ఉప్పునే గిన్నెలో వేసి పక్కనే కూర్చుంది. తెల్లారినా పూసలు అలాగే ఉన్నాయి. చాలాసేపు వాటినే చూసి, "పారేయల్లంటే వాన్ని అడుగు" అంది.

ఆదివారం కర్నూలు పోయి కొత్త రెసిన్ తెస్తాను. పాతది ఉంచమంటే శనివారం లోపు చెప్పు. నీ నుంచి ఏమీ రాకపోతే, సరేనన్నావని అమ్మతో చెబుతాను.

నీ చెల్లెలు